తొవ్వ ఇచ్చుడు

"కండ్లు సక్కగ కనవడ్తలేవా, మైసన్నా?"

ఎల్లారెడ్డి బస్టాండులో ప్రయాణికులంతా దిగిపోయాక కండక్టరు సుధారాణి అడిగింది. డ్రైవరు మైసన్న స్టీరింగు ముందు నుంచి లేవలేదు.

"మంచిగనే కనవడ్తున్నయ్."

"మరి తాగుతున్నవా?"

"ముట్టక పదేండ్లాయె."

"మరేంది? పది దినాల సంది సూస్తున్న. జీపులు, ఆటోలు, ఇయ్యాల ట్రాక్టరు గూడ మనల్ని దాటిపాయె. నువ్వేమో పక్కకు జరిగి తొవ్వ ఇస్తున్నవ్. ఇంతకుముందు ఎవ్వన్నన్న ముందల పోనిస్తుంటివా?"

"పోనీ తియ్యి. వాళ్ళకేం తొందరుందో."

"గా మాటతోనే నాకు అనుమానం. నువ్వు మాట్లాడే మాటేనా అది?"

"ఒక పుస్తకం సదివిన. సీట్ల ఎవరో మర్చిపోయిండ్రు. ఎన్కట చైనాల ఒక పెద్దమనిషి చెప్పిండంట, తావో అని, అంటే తొవ్వ. మూడే ముచ్చట్లు. దయ ఉండాలె. ఉన్నదాంతోని సరిపెట్టుకోవాలె. అందరికంటె ముందలుండాలని ఉరకొద్దు. గట్లుంటే బతుకు నిమ్మళంగ సాగుతదంట."

"పుస్తకం సదివి మనిషి గింత మారుతడా?"

"మారొద్దా?"

"మారొచ్చు. కని తాడ్వాయి మలుపు కాడ ఖాళీ రోడ్డు మీద బ్రేకెందుకు తొక్కుతున్నవ్? రోజూ గక్కడ్నే. సూస్తలేననుకున్నవా?"

"చాయ్ తాగొద్దాం రా."

"చాయ్ ఆగుతది. బస్సుల అరవై మంది ఉంటరన్నా. ఇయ్యాల చెప్పకపోతే మేనేజరు కాడికి పోత. నిన్ను బస్సు దింపుతరని తెలుసు. అయినా పోత."

"పో. తప్పు లేదు."

"మలుపు కాడ ఏమైంది?"

"నువ్వు లీవుల ఉన్నవ్ అప్పుడు. జీపును దాటబోయిన. ఎదురుంగ స్కూటీ వచ్చింది. జరంతల తప్పింది. ఆడపిల్ల, మక్కజొన్న చేన్లకు పోయి పడ్డది. ఉరికి లేపిన. మోచెయ్యి గీసుకపోయింది, గంతే. పుస్తకం తర్వాత దొరికింది. అది సదివితే జర నిద్ర పడుతుంది."

"నాకెందుకు చెప్పలే? కంప్లైంటు ఇస్తనని భయమా?"

"నా భయం కాదు. ఆ పిల్ల ఒట్టు వెట్టించుకున్నది. కాలేజి ఎగ్గొట్టి పోతుండెనంట."

"నాకు చెప్పొద్దనా? నాకేం సంబంధం? ఎవల పిల్ల, అన్నా?"

"అడగకు."

"ఎవల పిల్ల?"

"నన్ను సూసి గుర్తువట్టింది. 'మైసన్న మామా, మా అమ్మకు చెప్పకు' అని నా చెయ్యి వట్టుకోని ఏడ్చింది, నీ స్నిగ్ధ."