ఎడమచేతికి అమర్చిన మీటలు

1983 అక్టోబరు నాలుగవ తేదీన, ప్లోవ్‌దివ్ నగరంలోని మా పాఠ్యపుస్తక ముద్రణాలయంలో, సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటరుగా శ్రీ మిల్కో చకరోవ్ గారు బాధ్యతలు స్వీకరించారు. నలభై రెండేళ్ల సుదీర్ఘ సేవానంతరం వారు పదవీ విరమణ చేస్తున్న ఈ శుభసందర్భాన, వారి ఎదుటి బల్లమీద ఇరవై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్దిన నెవెనా దోబ్రెవా అనే నన్ను మా కార్యాలయ పత్రిక సంచికకు నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం ఆదేశించింది. తప్పులు ఏరడమే తప్ప పొగడడం అలవాటు లేనిదాన్ని కనుక, నాలుగుకు కాస్త ఎక్కువే పడతాయి. సహృదయులు మన్నించగలరు.

వారు చేరిన తొలిరోజుల్లో అక్షరాల గళ్లపెట్టెలు కార్యాలయమంతటా ఒకే క్రమంలో ఉండేవి. మిల్కో గారు మాత్రం గణితపు గుర్తులన్నింటినీ చేతికి దగ్గరగా మార్చుకున్నారు. మేస్త్రీ అది చూసి మండిపడ్డారట. "ఏమయ్యా, ఆ పెట్టె మీ అత్తారింటి నుంచి తెచ్చుకున్నావా?" అని అడిగితే, "పెట్టె మీదేనండి, చెయ్యి నాది" అని వీరు జవాబిచ్చారట. మేస్త్రీ పేజీ చూసి, తప్పు దొరక్క, గొణుక్కుంటూ వెళ్లిపోయారట. వారి ఉద్యోగపర్వమంతా ఈ ఒక్క జవాబుకు వ్యాఖ్యానమే అని నా అభిప్రాయం.

సీసం పోయి కంప్యూటర్లు వచ్చాయి. 2004లో గణిత విభాగమంతా కొత్త కంప్యూటర్ వ్యవస్థ అయిన లినక్స్‌కు మారినప్పుడు, మేమందరం మాన్యువల్ పుటలు తిప్పుతూ తలలు పట్టుకుని కూర్చుంటే, మిల్కో గారు మళ్లీ తమ గళ్లపెట్టె సర్దుకోసాగారు. ఆ యంత్రాల్లో, పేరుకు ముందు చుక్క ఉన్న ఫైలు మామూలుగా కంటికి కనిపించదు. కిటికీ తెరపై ఎక్కడ తెరుచుకోవాలి, కీబోర్డు మీద ఏ మీట ఏ పని చేయాలి, అక్షరం ఏ రంగులో ఉండాలి అన్నదంతా అటువంటి ఫైళ్లలోనే ఉంటుంది. మేము వాటిని చుక్క ఫైళ్లు అనేవాళ్లం. మిల్కో గారు తమ అసలు ఫైళ్లన్నీ యంత్రంలోని రెండో డిస్కుమీద ఒకే సంచయంగా భద్రపరచి, యంత్రం వెతికే చోట్ల మాత్రం వాటికి దారి చూపే లంకెలు పెట్టుకునేవారు. చేసిన ప్రతి మార్పుకూ కారణం ఒక్క వాక్యంలో రాసేవారు. అడిగినవారికి అడిగినది ఇచ్చేవారు. అట్టలు వేసే త్సోన్యో వారి కిటికీల అమరిక పట్టుకుపోయాడు, నేను రంగులూ, గణితపు గుర్తులకు వారు కట్టిన పొట్టి సంకేతాలూ తెచ్చుకున్నాను. మా సంచాలకురాలు శ్రీమతి దెస్పినా గలబోవా గారు మాత్రం ఈ ముస్తాబులు మానమని ఏటా ఒక హెచ్చరిక పంపేవారు.

2014లో వారికి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక దక్కింది, కుడిచేయి దక్కలేదు. ఇంట్లో ఉన్న కొన్ని నెలలూ ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారని, పిలిచినా పలికేవారు కాదని వారి సతీమణి స్తానిమిరా గారు నాతో చెప్పారు. "ఇలాగే ఇంట్లో ఉంటే ఈ మనిషి నాకు దక్కడు నెవెనా, ఎలాగైనా ఆ బల్ల దగ్గరికి తీసుకుపోండి" అన్నారు. ఆయన తిరిగి వచ్చి, ఒక శీతాకాలమంతా కూర్చుని, ఎడమచేతికే సరిపోయే మీటల అమరిక తయారుచేసుకున్నారు. బొటనవేలితో స్పేస్ మీటను నొక్కిపట్టి ఉంచితే, కుడివైపు అక్షరాలన్నీ అద్దంలో ప్రతిబింబంలా ఎడమవైపుకు వస్తాయి. ఏ వేలికి ఎంత ఆలస్యం ఓర్చుకోవాలో కూడా అందులో ఉంది. వసంతం వచ్చేసరికి ఆయన వేగం రెండు చేతులవాళ్లకు దీటుగా ఉండేది. కార్యాలయంలో మేమందరం వారికి ఎడమచేయి చాచి కరచాలనం చేయడం అప్పుడే మొదలైంది.

2021లో ముద్రణాలయం చేతులు మారింది. యంత్రాలన్నింటికీ ఒకే అమరిక ఉండాలని కొత్త యాజమాన్యం కోరగా, దెస్పినా గారు ఆదేశంపై సంతకం చేశారు. అది అమలయ్యే రోజు ఉదయం అంతకన్నా కష్టమైన కబురు మరొకటి వచ్చింది. యాజమాన్య ప్రతినిధి వెల్కోవ్ గారు రాజధాని సోఫియా నుంచి మధ్యాహ్నానికి వస్తారని, తన ఎదుట ఒక గణితపు పేజీ తగిన వేగంతో కూర్చి చూపలేకపోతే మిల్కో గారిని అనారోగ్య కారణంపై ఇంటికి పంపుతారని తెలిసింది. ఆ ఇల్లూ ఆ గోడా నాకు తెలుసు కనుక, ఆ ఉదయం నా బల్లమీద ఒక్క ప్రూఫూ ముందుకు సాగలేదు.

ఆ ఉదయమే సాంకేతిక నిపుణుడు లాచెజార్ మొట్టమొదట మిల్కో గారి యంత్రాన్ని తుడిచి, కొత్తగా నింపాడు. పాతవన్నీ జాగ్రత్తగా దాచానని కూడా చెప్పాడు. అతను దాచినది ఆయన పేరున ఉన్న మొదటి డిస్కులోని సరుకు మాత్రమే. అందులో లంకెలు ఉన్నాయి. అవి చూపించే రెండో డిస్కును అతను అప్పటికే తుడిచేశాడు.

"దాచింది దారి, ఊరు కాదు" అన్నారు మిల్కో గారు, తెరవైపు చూస్తూ.

"రెండో ప్రతి ఎక్కడో పెట్టే ఉంటారుగా, మిల్కో అన్నా?" అన్నాడు లాచెజార్.

"పాత సర్వర్లో పెట్టాను. దాన్ని కిందటి వారం తుక్కుకి పంపారు. ఇంకో ప్రతి సోమవారం తీసుకుందాంలే అనుకున్నా."

ఆ తరువాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరం మా మా యంత్రాల దగ్గరికి పరుగెత్తాం. త్సోన్యో కిటికీల అమరిక తెచ్చాడు. నేను రంగులూ సంకేతాలూ తెచ్చాను. చూస్తుండగానే ఆ ఖాళీ తెర మళ్లీ మిల్కో గారి తెరలా కనిపించసాగింది. కానీ మీటల అమరిక ఎవరి దగ్గరా లేదు. రెండు చేతులున్నవాళ్లం, అది మాకెందుకు? ఒక శీతాకాలపు పనిని ఒక పూటలో మళ్లీ రాయడం ఆయనకైనా సాధ్యం కాదు.

"ఇంకెవరి దగ్గరైనా ఉందా, మిల్కో గారూ? గుర్తు చేసుకోండి" అన్నాను.

ఆయన బల్లవైపు చూశారు. "ఎవరి దగ్గరా లేదనుకోండి."

వాక్యాల్లో కామా కూడా విడిచిపెట్టనిదాన్ని. లేదు అనడం వేరు, లేదనుకోండి అనడం వేరు.

"ఎవరికి మాటిచ్చారు?" అని నెమ్మదిగా అడిగాను.

"ప్రూఫు దిద్దుకో అమ్మా, నన్ను కాదు."

అంతలో వెల్కోవ్ గారు వచ్చేశారు. వెనకే కాఫీ కప్పుతో దెస్పినా గారు వచ్చారు. పేజీ ఇచ్చారు. మిల్కో గారు ఎడమచేతిని మామూలు మీటలమీద ఉంచి మొదలుపెట్టారు. చేయి ఈ కొస నుంచి ఆ కొసకు పోతోంది, వస్తోంది, తప్పు పడుతోంది, దిద్దుకుంటోంది. మొదటి సమీకరణం పూర్తి కాకముందే వెల్కోవ్ గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు.

"ఇదేనా మీ వేగం?"

"ఇవాళ్టికి ఇదేనండి" అన్నారు మిల్కో గారు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి రెండో చేయి లేదు. ఆయన సాయమడగకపోవడం చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పుడు దెస్పినా గారు కప్పు కింద పెట్టారు. అది అంతవరకూ ఆమె కుడిచేతిలో ఉంది. ఆ కుడిచేతిలో ఎప్పుడూ కప్పు ఉంటుందని, పని మాత్రం ఆగదని మాలో ఒక్కరమూ పట్టించుకోలేదు.

"ఆపండి మిల్కో గారూ. అది నా యంత్రంలో ఉంది" అన్నారు.

వెల్కోవ్ గారు ఆమెవైపు తిరిగారు.

"రెండేళ్ల కిందట మంచుమీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను కదా. అప్పుడు ఈయన్ని బతిమాలి పెట్టించుకున్నా. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెయ్యి అతికింది గానీ, కుడిచేత్తో కాఫీ పట్టుకోవడం అలవాటైపోయింది."

"మరి మీ ఆదేశం మీకు వర్తించదా?" అని అడిగారు వెల్కోవ్ గారు.

"వర్తిస్తుంది. నా యంత్రం వంతు రేపు. ఇవాళ్టికి నాదే. లాచెజార్, నిలబడి చూస్తావేం, పరిగెత్తు."

లాచెజార్ పరిగెత్తాడు. ఫైలు వచ్చింది. మిల్కో గారు బొటనవేలు స్పేస్ మీటమీద ఉంచి, ఒక్కసారి ఊపిరి తీసుకుని, ఆ పేజీని మొదటి నుంచి కూర్చారు. ఈసారి ఆ చేయి ఉన్నచోటు నుంచి కదల్లేదు. వెల్కోవ్ గారు పేజీని నా చేతికిచ్చి తప్పులు చూడమన్నారు. నా వృత్తిజీవితంలో అంత భయంగా చదివిన ప్రూఫు మరొకటి లేదు. తప్పు లేదని రెండుసార్లు చెప్పాను.

మిల్కో గారు ఆ తరువాత నాలుగేళ్లు అదే బల్ల దగ్గర పనిచేశారు. ఆదేశంలో "అవసరమైనవారికి మినహా" అన్న మాట చేరింది. ఆ మాట చేర్చిన దెస్పినా గారికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో, ఆమె కోసం తమ బతుకునే పణంగా పెట్టి నోరు మెదపని మిల్కో గారికీ అంతే కావలసి వచ్చింది. వారి చుక్క ఫైళ్ల సంచయం ఇప్పుడు మా అందరి యంత్రాల్లోనూ పూర్తిగా ఉంది.

మిల్కో గారూ, స్తానిమిరా గారి సాహచర్యంలో, సంపూర్ణ ఆరోగ్యంతో, ఆ ఎడమచేతికి ఏనాడూ పని కరువు కాకుండా, మీరు చిరకాలం సుఖంగా ఉండాలని కార్యాలయం యావత్తూ మనసారా కోరుకుంటోంది. ఇంట్లో గోడవైపు మాత్రం తిరగకండి. ఇక రేపటి నుంచి మీ బల్ల చూసి, చకరోవ్ గారు లేరా అని ఎవరైనా అడిగితే, మేము చెప్పే జవాబు మీ దగ్గర నేర్చుకున్నదే.

లేరనుకోండి.