వంటింట్లోంచి పిలుపు

సాయంత్రం బడి వదిలాక, బడి స్టోరు గదిలో ఒక మూల, మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పే టీచర్ బల్ల దగ్గర. ఒక పాప తండ్రి హడావిడిగా వచ్చాడు.

"కంగారు పడకండి, పాప బాగానే ఉంది. వరండాలో బొమ్మ వేసుకుంటోంది. కూర్చోండి."

"మాట్లాడిందన్నారు ఫోన్లో! మిషను మీద చొక్కా అలాగే వదిలేసి వచ్చాను టీచర్ గారూ. నిజంగా మాట్లాడిందా?"

"మాట్లాడింది. ఎనిమిది నెలలుగా ఈ కుర్చీలోనే కూర్చోబెడుతున్నాను. బొమ్మ అడిగితే వేలు పెట్టి చూపించడమే తప్ప పెదవి కదిపింది కాదు. చెవుల పరీక్ష చేయించారు కదా?"

"చెవులూ బాగున్నాయి, గొంతూ బాగుందన్నారు. అంతకు ముందు వసపిట్టలా వాగేది. వాళ్ళమ్మ పోయిన దిగులే అన్నారు. ఇంతకీ ఏమంది?"

"బొమ్మల కార్డులు కింద పడితే ఏరుదామని వంగాను. వెనక నుంచి వినిపించింది. 'ఏమండీ, వచ్చేశారా? ఇంత ఆలస్యమా?' అని. ఎవరో పెద్దావిడ లోపలికొచ్చిందనుకున్నాను."

"ఏమండీ అందా?"

"ఇలాంటిది ఎప్పుడూ వినలేదు నేను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. తిరిగి చూస్తే గదిలో పాప ఒక్కతే. ఏడేళ్ళ పిల్ల."

"టీవీలో విని ఉంటుంది."

"ఇంట్లో టీవీ లేదని ఫారంలో మీరే రాశారు."

"పక్కింట్లో..."

"ఎవరి గొంతండీ అది?"

"నాకేం తెలుసు? నేనున్నానా ఇక్కడ?"

"లేచిపోతున్నారేం? కూర్చోండి. మంచినీళ్ళు ఇవ్వనా?"

"వద్దు. వద్దండీ."

"'నీ గొంతుతో చెప్పమ్మా' అన్నాను. పలక తీసుకుని రాసింది. చెరపకుండా ఉంచాను. చదవండి."

"కళ్ళజోడు తేలేదు."

"జేబులోనే ఉంది."

"మీరే... మీరే చదవండి."

"'నాది ఏది?' అని రాసింది."

"అయ్యో. అయ్యో నా తల్లీ."

"చెప్పండి. నేను పోలీసును కాను."

"వాళ్ళమ్మ పోయిన రెండు వారాలకి... షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. వంటింట్లోంచి 'ఏమండీ' అని పిలుపు. అచ్చం అదే. అదే సాగదీత. పరుగెత్తుకెళ్తే ఇది. ఆడుకుంటోంది, వాళ్ళమ్మలా."

"తిట్టారా?"

"తిట్టినా బాగుండేది. మళ్ళీ అనమన్నాను."

"మళ్ళీ అంటే?"

"మర్నాడూ. ఆ మర్నాడూ. నేను గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడేవాణ్ణి. అది వంటింట్లోంచి పిలిచేది. 'వచ్చేశానే' అనేవాణ్ణి. ఎప్పుడైనా 'నాన్నా' అందనుకోండి... మొహం తిప్పుకునేవాణ్ణి టీచర్ గారూ. పలికేవాణ్ణి కాదు. కొన్నాళ్ళకి మిగతా మాటలన్నీ మానేసింది."

"ఆ పిలుపు ఒక్కటే మిగిలింది."

"ఆ ఒక్కటే."

"ఇప్పటికీనా?"

"నిన్న కూడా."

"దేవుడా."

"ఎన్నిసార్లో మానేద్దామనుకున్నాను. గుమ్మం దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోతాయి. చెవులు అటే లాగుతాయి. నేను మనిషినేనా?"

"ఆ సంగతి తర్వాత. ఆ ఆట అయిపోయిందని పాపకి మీ నోటితో మీరే చెప్పాలి. ఇవాళే. ఇక్కడే. పిలవనా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

"ఉన్న మొహమే చాలు. పాపా! లోపలికి రామ్మా. నాన్న నీతో మాట్లాడతారట."

"ఇలా రా తల్లీ. నా వైపు చూడు. నేను తప్పు చేశాను. ఇక అమ్మలా పిలవొద్దు. నీ గొంతు కావాలి నాకు. బొంగురుగా ఉన్నా సరే, నత్తిగా ఉన్నా సరే. పలుకుతాను. ఒట్టు. ఏదీ, ఒక్క మాట... ఒక్కటంటే ఒక్కటి..."

"తొందరపెట్టకండి. ఆగండి. పెదవులు కదులుతున్నాయి."

"మరి... అమ్మ ఎక్కడుంటుంది, నాన్నా?"