కందికొత్తకు ముందే

“ఈ కందిపులుసు వాసనకి కొండమీద మంచు కూడా కరిగిపోద్ది. నా అంత వంటోడు అరకులో లేడు చెల్లీ!”

“ఉప్పే లేదన్నా.”

గడ్డిమీద మంచు తెల్లగా పేరుకున్న ఆ ఉదయం, పొయ్యి ముందు అన్న ముఖం మాడిపోయింది. లోపల, జ్వరమొచ్చాక మొదటిసారి గిన్నె ఖాళీ చేసి, అమ్మ పడుకుంది.

“ఈ కందులెక్కడివి?”

“సంతలో కొన్నాను.”

“అబద్దం. పెరట్లో పచ్చి తొక్కలున్నాయి, మన సేనువే. కందికొత్త పండగవకుండా, దేవతకి పెట్టకుండా కొత్త పంట ముట్టకూడదు కదా! అమ్మకేటైనా అయితే?”

“నేనే కోసినాను. ఇంకేటెట్టినా మింగట్లేదు, బయమేసింది. అందుకే ముందు నేను తిన్నాను. దేవత పట్టుకుంటే ముందు తిన్నోడినే పట్టుకుంటాది.”

“మరి ఉప్పు లేదని అప్పుడు తెలీలేదా?”

“ఆ బయంలో రుచేటి తెలుస్తాది చెల్లీ?”