మరిది చదివిన ఉత్తరాలు

జోంబా పట్నంలోని చర్చి గదిలో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఎక్కించిన కంప్యూటర్ ముందు తవొంగ కూర్చుంది. ఆమెకు చూపు లేదు. పక్కన కూర్చుని నేర్పుతున్న నంబేవేకీ లేదు.

“ఆ మూడు మీటలూ కలిపి నొక్కవే. తెరమీది రాతను చదివే గొంతు వస్తుంది.”

“వచ్చిందక్కా! జలుబు చేసిన పాస్టరుగారిలా ఉంది.”

“అలవాటవుతుందిలే. జొహానెస్‌బర్గ్ నుంచి మీ ఆయన ఈమెయిల్లో పంపిన ఉత్తరం చదివించుకో.”

తవొంగ చెవి దగ్గరగా పెట్టి వింది.

“ఇంకా కిందికి పోవాలా అక్కా?”

“అయిపోయిందే.”

“మా మరిదీ ఇంతే చదివాడు. ముద్దుమాటలు మింగేస్తున్నాడని మూడేళ్లుగా తిట్టుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.”

“ఏడవకు.”

“చదివేది తమ్ముడని తెలిసి ఆయన మాత్రం ఏం రాస్తాడు? నాకు రాయడం నేర్పక్కా. ఇకమీదట వినేది నేనొక్కదాన్నేనని ఆయనకు చెప్పాలి.”