తాంబే దాదా స్క్రిప్టుకి కళ్లున్నాయి

విశ్వాస్ తాంబే గొంతు సవరించుకున్నాడంటే చాలు, బబన్ కాకా స్టవ్వు మీద రెండో దఫా టీ పెట్టేస్తాడు. ఎవరూ అడగక్కర్లేదు. పుణెలో హింజవడి ఆఫీసుల వెనక వీధిలో కాకా టీ బడ్డీ బేరమంతా సగం అల్లం మీద, సగం తాంబే కోతల మీద నడుస్తుందంటే అబద్ధం కాదు.

ఆ శుక్రవారం నాలుగు గంటలకు అక్కడ నలుగురు చేరారు. అందరూ అన్నయ్యలా దాదా అని పిలిచే తాంబే, మేనేజరు ఇనామ్‌దార్, పక్క టీములో పనిచేసే పరాగ్, సాఫ్ట్‌వేరు పరీక్షలు చేత్తో చేసే శర్వరి. శర్వరికి టీ మీద ధ్యాస లేదు. ఇంకో గంటలో వాళ్ల మందుచీటీల సాఫ్ట్‌వేరు, అంటే మందు సీసాల మీద అతికించే మోతాదు చీటీలు అచ్చువేసేది, పదకొండు ఆసుపత్రులకు వెళ్లిపోతుంది. మొత్తం మూడువందల పన్నెండు పరీక్షలు. అందులో ఎనభై ఏడోదాంట్లో పిల్లల మందు సీసా మీద పెద్దవాళ్ల మోతాదు పడటం ఆమె కళ్లారా చూసింది. అయితే ఆ తప్పు పదిసార్లకు ఒకసారి వస్తుంది. పొద్దున ఇనామ్‌దార్‌కి చూపించబోతే చీటీ బుద్ధిగా సరైన మోతాదే వేసి ఆమె పరువు తీసింది. పైగా పరీక్షల్ని తనంతట తనే నడిపే తాంబే స్క్రిప్టు అన్నీ పాసని తేల్చేసింది. కళ్లు అలిసిపోయి ఉంటాయిలే అన్నాడు ఇనామ్‌దార్, టీ తాగొచ్చి పంపించేద్దామన్నాడు. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఈ సంగతి తేల్చి తీరాలని శర్వరి పంతం పట్టి వచ్చింది.

"నేనేం గొప్పలు చెప్పుకోవడం లేదు," అన్నాడు తాంబే, అంటే మొదలుపెట్టాడన్నమాట. "ఆ పాత సాఫ్ట్‌వేరు లోపలికి వేలు పెట్టే దారి ఎవడికీ దొరకలేదు. నేనేం చేశానూ, తెర మీద కనబడే బటన్ బొమ్మని కత్తిరించి స్క్రిప్టులో అతికించా. ఈ బొమ్మ తెర మీద ఎక్కడుందో వెతుకు, నొక్కు, అంతే. చీటీ సరిగ్గా పడితే పచ్చ టిక్కు వస్తుంది కదా, దాని బొమ్మా అతికించా. అది కనబడిందా, పాస్. తెరకి ఎడమ పక్క స్క్రిప్టు, కుడి పక్క సాఫ్ట్‌వేరు, ఎదురుగా చేతులు కట్టుకుని నేను. ఒక కటింగ్ చాయ్, అదే సగం గ్లాసు టీ, తాగేలోపు నలభై పరీక్షలు."

ఇంతవరకూ నిజమేనని శర్వరి కూడా ఒప్పుకుంటుంది. ఇనామ్‌దార్ మెచ్చుకోలుగా తలాడించాడు. ఆడించకుండా ఉండాల్సింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బటన్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి మార్చా, పట్టేసింది, సరే రంగు మార్చా, పట్టేసింది, చివరికి బటనే తీసిపారేశా, అది ఉండాల్సిన చోటు చూసుకుని అక్కడ నొక్కింది! మొన్న మంగళవారం కరెంటు పోయిందా, తెర నల్లబడిపోయిందా, ఆ చీకట్లోనే తడుముకుంటూ ఇంకో యాభై రెండు కానిచ్చేసింది."

"కరెంటు లేకుండా ఎలా నడిచింది దాదా?" అన్నాడు పరాగ్.

"మంచి ఊపు మీద ఉంది, ఆగలేకపోయింది."

బబన్ కాకా టీ వడగడుతూ నవ్వాపుకున్నాడు. తాంబే మాత్రం ఖారీ బిస్కెట్టు టీలో ముంచి, అది మెత్తబడి గ్లాసులో జారిపోయినా చూసుకోకుండా, కథని వాకడ్ చౌక్ ట్రాఫిక్ సిగ్నల్ దాకా లాక్కెళ్లాడు. కిటికీలోంచి ఆ సిగ్నల్ నీడ తెర మీద పడిందట. స్క్రిప్టు పచ్చ కోసం చూసిందట. ఎంతసేపటికీ ఎర్రగానే ఉంటే విసుగొచ్చి, తనే మౌసు తీసుకెళ్లి ఆ నీడ మీద నొక్కి సిగ్నల్‌ని పచ్చ చేసేసిందట. బుధవారం సాయంత్రం వాకడ్‌లో బళ్లన్నీ నీళ్లలా కదిలిపోయాయంటే అది తన స్క్రిప్టు చలవేనట.

"బుధవారం నేను అక్కడే ఉన్నా," అన్నాడు పరాగ్ అనుమానంగా. నువ్వు వేరే వైపు ఉండి ఉంటావని తాంబే కొట్టిపారేశాడు.

ఇనామ్‌దార్ గ్లాసులో రెండు గుక్కలు మిగిలాయి. ఆయన నవ్వుతూనే జేబులోంచి ఫోను తీశాడు, ఆసుపత్రులకు పంపెయ్యమని చెప్పడానికి. శర్వరి తన గ్లాసు కింద పెట్టేసింది.

"తాంబే దాదా, పచ్చ టిక్కు తెర మీద ఎక్కడున్నా మీ స్క్రిప్టు పట్టేస్తుందా?"

"ఏ మూల నక్కినా సరే."

"ఎడమ పక్కనున్నా?"

"దానికి కుడీ ఎడమా పక్షపాతం లేదమ్మా."

"ఎడమ పక్క ఉండేది మీ స్క్రిప్టే కదా దాదా. మీరు అతికించిన పచ్చ టిక్కు బొమ్మ అందులోనే కనబడుతూ ఉంది కదా."

తాంబే చేతిలో గ్లాసు సగం దారిలో ఆగింది. శర్వరి ఇనామ్‌దార్ వైపు తిరిగింది.

"భోజనాల వేళ దాదా మెషీన్ మీద మందుచీటీల సాఫ్ట్‌వేరుని పూర్తిగా మూసేసి, స్క్రిప్టు ఒక్కటే నడిపాను సర్. తన బటన్లు తనే నొక్కుకుంది, తన టిక్కు తనే చూసుకుంది. మూడువందల పన్నెండూ పాసయ్యాయి."

ఇనామ్‌దార్ ఫోను జేబులో పెట్టుకుని, మిగిలిన రెండు గుక్కలూ పక్కన పారబోశాడు. ఇవాళ ఏ ఆసుపత్రికీ ఏదీ వెళ్లదన్నాడు. ఎనభై ఏడో పరీక్ష వందసార్లు చేద్దాం, నేనూ నీ పక్కన కూర్చుంటానని శర్వరితో అన్నాడు. పొద్దున నీ మాట వినాల్సిందని కూడా అన్నాడు, కాస్త చిన్న గొంతుతో. శర్వరికి అప్పుడు తెలిసింది, పొద్దుట్నుంచి తనేమీ తినలేదని. కాకాని ఒక వడాపావ్ అడిగింది.

తాంబే అంత తేలిగ్గా పడిపోయే మనిషా? గ్లాసు అడుగున నానిన బిస్కెట్టుని చెంచాతో తీసుకుంటూ తలెత్తాడు. "మరి చూశారా, సాఫ్ట్‌వేరు లేకుండానే సాఫ్ట్‌వేరుని పరీక్షించేసింది. పుణె మొత్తం మీద ఇంకొకడి స్క్రిప్టు చేస్తుందా ఆ పని?"

"చెయ్యదు దాదా," అన్నాడు పరాగ్. "బుధవారం వాకడ్‌లో నేను గంటంపావు ఎర్ర లైటు ముందు ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు తెలిసింది. పచ్చ సిగ్నల్‌కి పడలేదు, మీ గదిలో తెర మీద పడింది."