మూసి ఉన్నా కోసే చాకు

మా పెద్దన్నయ్య రామచంద్రయ్య అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడంటే, ఎదుట ఉన్నవాళ్లు టీ తొందరగా తాగెయ్యాలి. లేకపోతే చల్లారిపోవడం ఖాయం.

సూర్యాపేటలో ధాన్యం వ్యాపారం ఆయనది. పిచ్చి మాత్రం మడత చాకులది. కొమ్ము పిడివి, ఇత్తడి పిడివి, ఏ ఊరి కమ్మరి చేసినవైనా సరే, అద్దాల బీరువాలో వరసగా పడుకుని ఉంటాయి. ఆ బీరువాలో చోటు దొరకడం అంత సులువు కాదు. రివిట్టు వదులైనా, స్ప్రింగు మెత్తగా ఉన్నా, మూసేటప్పుడు బ్లేడు పిడికి రాసుకున్నా, ఆ చాకు పట్టుకుని బస్సెక్కి, చేసినవాడి ఎదుటే నిలబడి వీధంతా వినేలా అరిచి, వేరేది తెచ్చుకుంటాడు.

అలాంటాయనకు కొత్త కోడలు రూప ఒక చాకు బహుమతిగా ఇచ్చింది. సత్యనారాయణ వ్రతం అయి, ప్రసాదాలు పంచాక, ఇనుము చేతికి ఇవ్వకూడదని ఇత్తడి పళ్లెంలో పెట్టి, మామగారి ముందుంచి దండం పెట్టుకుంది. భర్తను, అదే మా యోగేష్‌ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ వెళ్లి, అక్కడి కమ్మరాయనకు చెప్పి చేయించిందట. రూపది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ. వచ్చిన కొత్తలో "తింటారాండి", "వెళ్లొస్తానండి" అంటూ ఇంట్లో చక్కగా తిరిగేది. ఆ యాసను మా పిల్లలు వెనకాల అనుకరించి నవ్వారు. పాపం, ఆ పిల్ల విన్నది. అప్పటి నుంచి ఏమడిగినా తలూపడమే.

వ్రతం మర్నాడు నేను దీపం పెడదామని లేచేసరికి, అన్నయ్య ఒక మూల కూర్చుని, గుడ్డ చుట్టిన పట్టకారుతో ఆ చాకును తెరవలేక అవస్థ పడుతున్నాడు. మడత చాకు తెరవడానికి బ్లేడు వీపు దగ్గర గోరు పెట్టే సన్నటి గాడి ఒకటి ఉంటుంది కదా. దీనికి ఆ గాడి పొరపాటున పదును వైపు పడింది. మూయగానే పిడి లోపలికి వెళ్లిపోతుంది. ఇక గోటికి ఎలా దొరుకుతుంది?

నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "పిల్లకు తెల్వద్దు చెల్లె. ఇప్పటికే నోరు కట్టుకొని తిరుగుతున్నది" అన్నాడు. చాకు మూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

టీ వేళకు జానయ్య అరుగెక్కాడు. మా బస్తాలు మార్కెట్‌కు చేర్చే ట్రాలీ ఆటో అతనిదే. వస్తూనే "సేటూ, కోడలు కొత్త చాకిచ్చిందట గద. తెరువు, జర పదును సూద్దాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే రూప టీ గ్లాసుల పళ్లెంతో గడప దాటింది. నేను లోలోపల ఆ స్వామిని తలుచుకున్నాను.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"తెరుసుడెందుకు జానయ్యా? తెరిసి కోసే చాకులు నా బీరువాల బోలెడున్నయ్. గిది మూసుకొనే కోస్తది. నవ్వకు, నవ్వకు, నేను గూడ ముందుగాల నమ్మలే. పొద్దుగాల లేసి గిట్ల మార్కెట్ దిక్కు నడుసుకుంట పోయిన. గాడ ఒక ముసలి రైతు, పాపం, వడ్ల బస్తా కుట్టు ఇప్పలేక గోర్లతోని గుంజుతున్నడు. సరే గదా అని జేబుల నుంచి చాకు తీసిన. తెరుద్దామనుకునే లోపల్నే కుట్టు టప్పున ఊడింది. ఇంక బస్తాకు తాకనే లేదు!"

"కుట్టు వదులున్నదేమో సేటు."

"ఒక్క బస్తా అయితె నేనూ గట్లనే అనుకుందు. పక్క బస్తా ఊడె. దాని పక్కది ఊడె. వరసకు వరస టప టప టప, సీమటపాకాయలు పేలినట్టు! వడ్లన్నీ నేల మీద కుప్ప. హమాలోళ్లు పరేషాన్. నేను వంగి పిడికెడు వడ్లు చేతులకు తీసుకున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిడికిలి తెరిసి సూస్తె వడ్లు లేవు, బియ్యం! పొట్టంత ఒక దిక్కు జరిగి నిలబడ్డది, బియ్యమంత ఒక దిక్కు. వెతికినా ఒక్క నూక లేదు."

"మూసిన చాకుతోనే?"

"మూసిన చాకుతోనే! ఇగ సూడు, గా ముచ్చట నాకన్న ముందు మిర్యాలగూడకు పోయింది. మిల్లుల సేట్లందరు ఒకటే ఫోన్లు. 'అన్నా, నీ కాళ్లు మొక్కుతం, ఆ చాకు పట్టుకొని మా దిక్కు రాకు, మా మిల్లులన్నీ ఖతం అయితయ్' అని ఏడుపు. మన వల్ల ఒకరి పొట్ట మీద దెబ్బ పడొద్దు గద. పోయి ధైర్యం చెప్పొద్దామని నేనే బయలెల్లిన."

వంటింట్లోంచి మా గిరిజ వదిన గొంతు వినిపించింది. "మిర్యాలగూడ దాక పోయినోళ్లకు, గల్లీ చివర కొత్తిమీర కట్ట తేనీకి కాళ్లు నొచ్చినయా?"

అన్నయ్య అది విననట్టే టీ ఒక గుక్క తాగాడు. జానయ్య వదల్లేదు. "ఎప్పుడు పోయినవ్ సేటు? తెల్లారంగ సంది నేను ఈడనే ఆటో తుడుస్తున్న. నువ్వు గడప దాటింది సూడలే."

"నువ్వు టైరు కింద తలకాయ పెట్టి ఉన్నవ్, నీకేం గనబడ్తది?"

"అయినా పోయి వచ్చే టైమేడిది?"

"గదే చెప్తున్న, చెప్పనియ్యి! ఇంత దూరం ఎట్ల పోవాలె అని మనసుల అనుకున్ననో లేదో, జేబులనే ఉన్న చాకు దారిని రెండు చోట్ల కోసింది. నడిమి ముక్క తీసి చేను గట్టు మీద పెట్టిన. ఆ కొసకు ఈ కొస కలిపితె, సూర్యాపేటల ఎత్తిన కాలు మిర్యాలగూడల పడ్డది. వచ్చేటప్పుడు మళ్ల ఆ ముక్క ఆడనే పెట్టి వచ్చిన, బస్సులు తిరగాలె గద, జనం ఆగమైతరు."

జానయ్య నోట్లో టీ ముక్కులోకి పోయింది. దగ్గుతున్నవాడి వీపు తట్టుతూ కూడా అన్నయ్య ఆపలేదు.

"అంత దూరం పోయినంక వియ్యపురాలిని పలకరించకుండ వస్తనా? కోదాడ పోయిన. రూపమ్మ వాళ్ల అమ్మ, పాపం, ఆవకాయకని మామిడికాయలు గంపెడు ముందేసుకొని, కత్తిపీట మీద పాణం పోయేటట్టు కొడ్తున్నది. టెంక అంటె మామూలు టెంకనా, రాయి! 'బాగున్నవా వదినా' అని గడపల నిలబడ్డ, అంతే. చాకు జేబులనే ఉన్నది, బయటికి గూడ తియ్యలే. గంపల కాయలన్నీ ఒక్కపారి విచ్చుకున్నయ్. ముక్క ముక్కకు టెంక ఉన్నది, జీడి మాత్రం తనంత తాను లేసి దూరం పోయి కూసున్నది. ఆమె నాకు దండం పెట్టి, 'ఇదంతా మా పిల్ల ఇచ్చిన చాకు మహిమ అన్నయ్యగారూ' అన్నది."

నేను రూప వైపు చూశాను. ఖాళీ పళ్లెం గుండెలకు ఆనించుకుని తలుపు పక్కన నిలబడిపోయింది. లోపలికి వెళ్లలేదు. వాళ్ల అమ్మ మాట రాగానే పెదవి కొసన చిన్న నవ్వు వచ్చింది కానీ, వెంటనే దాచుకుంది.

"తిరిగొచ్చేటప్పుడు ఎండ ముదిరింది. మొకం కడుక్కుందామని సాగర్ ఎడమ కాలువలకు దిగిన. వంగిననో లేదో, జేబుల చాకు నీళ్ల దిక్కు తిరిగింది. కాలువ నిట్టనిలువునా రెండు ముక్కలైంది! సగం నీళ్లు ఈ ఒడ్డుకు, సగం ఆ ఒడ్డుకు అతుక్కొని నిలబడ్డయ్. నడుమ పొడి నేల. చేపలు అటో ఇటో తెల్వక నా మొకం సూస్తున్నయ్. ఇంజనీర్లు జీపుల ఉరికొచ్చిండ్రు. 'సేటూ, నీకు పుణ్యముంటది, కింద పొలాలు ఎండుతయ్, ఆ జేబును జర పక్కకు తిప్పు' అన్నరు. తిప్పిన. నీళ్లు కలుసుకున్నయ్."

జానయ్య గ్లాసు కింద పెట్టి, చేతులు దులుపుకుని, చెయ్యి చాపాడు. "సేటూ, ఇగ ఆగను. మూసుకొనే గింత పని చేస్తె, తెరిస్తె ఎట్లుంటదో సూడాలె. ఒక్కసారి ఇయ్యి, నేను తెరుస్త."

అన్నయ్య చెయ్యి జేబు మీదికి వెళ్లింది. నుదుటి మీద చెమట నాకు కనబడింది.

"నీకు మతి ఉన్నదా జానయ్యా? మూసి ఉంటెనే కాలువ చీలింది. తెరిస్తె మొగులు చిరుగుతది! మీదున్న నీళ్లన్నీ భళ్లున కిందికొస్తయ్. మార్కెట్ నిండ రైతులు వడ్లు ఆరబోసుకొని ఉన్నరు. వాళ్ల ఉసురు నాకెందుకు? గందుకే, ఆ చేసినాయన ఎంత పెద్దమనిషో సూడు, గోరు పెట్టే గాడిని పిడి లోపల దాసిపెట్టిండు. ఎవ్వరి గోటికి అందదు. అది తప్పు గాదు, తెలివి! నేను ఇన్నేండ్ల సంది ఇన్ని చాకులు సూసిన గని, గిసొంటి తెలివి..."

చెబుతూ చెబుతూ బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ వేలి గోరు సగానికి విరిగి ఉంది. రూప ఆ గోటినే చూసింది. తర్వాత జేబు మీద ఉన్న చేతిని చూసింది. ఆ పిల్లకు అంతా అర్థమైందని నాకు అప్పుడే తెలిసిపోయింది. ముఖం ఎర్రబడింది. ఇక లోపలికి పారిపోయి ఏడుస్తుందనుకున్నాను.

పారిపోలేదు. ఒకడుగు ముందుకు వేసింది.

"మామయ్యగారూ," అంది మెల్లగా, "మరి మీ జేబెందుకు తెగలేదండీ?"

వదిన గరిటె చేతిలో పట్టుకునే తలుపు దగ్గరికి వచ్చింది. అన్నయ్య తల వంచి జేబు చూసుకున్నాడు. వేలు పెట్టి అడుగు తడిమాడు. కుట్టు కుట్టుగా, ఒక్క దారం కూడా చెదరకుండా ఉంది. కొత్త కోడలు పదిమందిలో మాటకు అడ్డుపడిందని కోపం వస్తుందేమోనని నాకు భయం.

జానయ్య తొడ చరిచాడు. "సచ్చినవ్ సేటు!"

అప్పుడు అన్నయ్య నవ్వాడు. భుజాలు ఎగిరేలా, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, కండువాతో తుడుచుకుని జానయ్య వైపు తిరిగాడు.

"ఇన్నవా జానయ్యా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడూర్ల నా ముచ్చటను ఆపినోడు పుట్టలే. నా కోడలు ఒక్క మాటతోని ఆపింది! ఆమె గొంతు ఇప్పంగనే హైవే మీద లారీలన్నీ టక్కున నిలబడ్డయ్, సప్పుడు లేదు సూడు!"

"ఒక్క లారీ కూడా ఆగలేదండీ, హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి" అంది రూప. ఈసారి గొంతు కొంచెం పెద్దదైంది. "గాడి తప్పు చోట పడింది కదా మామయ్యగారూ? నాకు చెప్తే సరిపోయేది. ఇటివ్వండి, వెళ్లి బాగు చేయించుకొస్తాను."

"తప్పంటె తప్పు గాదు బిడ్డా, జర..."

"తప్పేనండి. ఇవ్వండి."

అన్నయ్య చాకు తీసి పళ్లెంలో పెట్టాడు. కండువా భుజాన వేసుకుని, "నేను గూడ వస్త తియ్యి" అన్నాడు. "నువ్వు పరేషాన్ గాకు. ఆ కమ్మరాయనను నేను ఒక్క మాట అనను. ఊకనే పక్కన నిలబడ్త."

గుమ్మంలోంచి మా వదిన గరిటె ఎత్తి చూపిస్తూ అంది.

"రూపా, కాలువ చీలిందంటె నమ్ము, దారిని కోసిండంటె నమ్ము. గీ మాట మాత్రం నమ్మకు బిడ్డా."