వరదరాజులు ఇంటికి రెండు నెట్ లైన్లు

పుంగనూరు బస్టాండు ముందర పాపయ్య టీ అంగడిలో వరదరాజులు బెంచీ ఎక్కి కూర్చున్నాడు.

"ఈ ఊర్లో ఇంటికి రెండు నెట్ లైన్లు ఉండేది ఎవురికప్పా? నాకే. ఒకటి టెలిఫోనోళ్లది, ఒకటి కేబులోళ్లది, రెండింటికీ నడాన బెంగళూరు నుంచి తెప్పించిన పెట్టె. ఒక లైను పడిపోతే రెండోది దానంతటదే ఎత్తుకుంటాది."

"అదుండనీ. నీ పెండ్లాము మునీశ్వరమ్మ కువైట్ నుంచి వచ్చేస్తాదా, ఇంకో రెండేండ్లు ఉంటాదా? శుక్రవారం, ఈ పొద్దే సెప్తానన్నాదంటివే" అన్నాడు పాపయ్య.

"ఆడికే వస్తాండా, ఉండు. శుక్రవారం సెలవు గదా, నా పెండ్లాము ఆడ నెట్ సెంటర్లో కూర్చోని పిలుస్తాది. మాట ఒక లైన్లో, బొమ్మ ఒక లైన్లో వచ్చేట్టు పంచిపెడితి. ఒక తూరి ఏమైందో తెలుసునా? మాట ముందొచ్చేసింది. ఆమె నోరు తెరవకముందే నాకు తిట్లు పడినాయి."

"దానికి నెట్టే కావల్నా?"

"విను మల్ల. రెండు లైన్లూ కలిపి వదిలితే మదనపల్లె యార్డులో రేపటి టమోటా రేటు ఈ పొద్దే కనపడిపోయ. రైతులు గలాటా సేస్తారని నేనే ఆర్పేస్తి. ఆ తర్వాత సూడు, ఆమె ఆడ టిఫిను డబ్బా మూత తీస్తే ఈడ నా ఇల్లంతా పులుసు వాసన. ఒక ముద్ద నేనూ తింటి, ఉప్పు తక్కువుండె. పోయిన వారం కంప్యూటర్లోనుంచి సెయ్యి సాపి నా సొక్కా గుండీ పెట్టింది. ఈ పొద్దు ఇప్పుడే మాట్లాడి వస్తాండా. వచ్చేస్తానన్నాదప్పా. వచ్చే నెలే."

కేబుల్ రిపేర్లు చేసే గోవిందరాజులు పక్క బెంచీ మీద గ్లాసు కింద పెట్టినాడు.

"అన్నా, నీ తీగలు రెండూ వచ్చేది ఒకే స్తంభం మింద. మంగళవారం లారీ గుద్ది అది పడిపోయింది. మూడు దినాలుగా మీ వీధిలో ఏ లైనూ లేదు."

ఎవరూ నవ్వలేదు. వరదరాజులు టీ గ్లాసు పక్కకు జరిపినాడు.

"తెలుసప్పా" అన్నాడు. "పొద్దున్నుంచి తీగలు పీకి పెట్టి, పీకి పెట్టి సూస్తి. ముందొక తూరి లైను పోయి, ఆమె ఆడ మూడు గంటలు ఉత్తగా కూర్చోని పోయింది. దానికే రెండోది పెట్టిస్తి. ఒకే స్తంభమని నాకేం తెలుసు? ఆమె పనిచేసే ఇంట్లో ఫోను ముట్టనీరు."

"రేపు సెప్పుకోవచ్చులే అన్నా" అన్నాడు పాపయ్య.

"ఇంకో రెండేండ్లు ఉండేట్టయితే రేపే కాగితాల మింద ఏలుముద్ర ఎయ్యాలంట. పోయిన వారం నేనే కోపంగా అంటి, ఇంటికి రాకపోతే ఇంక పిలవొద్దని. ఇప్పుడు ఆడ కూర్చోనుంటాది. నేను కావాలనే లైన్లోకి రాలేదనుకుంటాది."